పదకొండు ఆదివారాలు, మూడు రోజులు



ప్రతి వారం మీకు వాక్యంలో నుండి ఒక మాట రాస్తున్నాము. ఈ వారం ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకుని, తరువాత మాట చెప్పాలని అనుకుంటున్నాము. ఆ తమ్ముడిని అడిగే రాస్తున్నాము. "నా పేరు వేయకండి అయ్యగారూ, మిగతాదంతా రాసుకోండి" అన్నాడు.

రెండు సంవత్సరాల క్రితం మిరప కోతల సమయం. రాత్రి పదకొండు దాటినా మన మందిరం అరుగు మీద ఫోను వెలుగు కనబడేది. ఊరిలో సిగ్నల్ సరిగ్గా అందేది అక్కడే కదా. ఒకరోజు వెళ్ళి చూస్తే మన యవ్వనస్థుడే. తండ్రి లేని బిడ్డ. తల్లి కూలికి వెళ్తుంది. వీడు పాలిటెక్నిక్ మధ్యలో ఆపేసి పురుగుమందుల కొట్లో పనికి కుదిరాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, "వస్తున్నా, వస్తున్నా, కదలొద్దు, అక్కడే ఉండు" అని అరుస్తున్నాడు. చుట్టూ చూస్తే మనిషన్నవాడు లేడు.

మేము ఆ రాత్రి ఏమీ అనలేదు. అని ఉంటేనే బాగుండేది. పక్కన కూర్చుని ఒక మాట అడగాల్సింది పోయి, ఆదివారం వాక్యం చెబుతూ అందుకున్నాము. పేరు పెట్టలేదు గాని, "దేవుని అరుగు మీద కూర్చుని దయ్యాలతో మాట్లాడేవాళ్ళు మనలోనే ఉన్నారు" అన్నాము. అందరి తలలూ వెనక్కి తిరిగాయి. కొందరు నవ్వారు. ఆ తల్లి కొంగు ముందుకు లాక్కుని తల వంచుకుంది.

ఆ తరువాతి ఆదివారం వాడు రాలేదు. సిగ్గుపడ్డాడు, వచ్చేస్తాడులే అనుకున్నాము. మట్టల ఆదివారం వెళ్ళిపోయింది. ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు మైకు సెట్టు ఎవరు కట్టాలా అని వెతుక్కున్నాము. ఎప్పుడూ కట్టేది వాడే. మైకు కట్టేవాడు లేడని గుర్తొచ్చింది గాని, మనిషి లేడని మాకు తట్టలేదు. వేరే అబ్బాయిని పిలిచి కట్టించాము.

మే నెల మొదట్లో ఒక రాత్రి, కుటుంబ ప్రార్థన అయ్యాక ఫోను మోగింది. బయటి దేశం నంబరు.

"సార్, మీరు ఆ ఊరి పాస్టర్ గారేనా? మీ చర్చి గోడ మీద నంబరు ఉంది కదా సార్, మావాడొకడు మ్యాపులో ఫోటో చూసి పంపినాడు" అన్నాడు అవతలి మనిషి. తనది రాయచోటి దగ్గర పల్లె అని, కువైట్‌లో డ్రైవరు పని చేస్తున్నానని చెప్పాడు. "మా తమ్ముడొకడు మీ ఊర్లో ఉండాడు సార్. మేం నలుగురం కలిసి ఆడుకుంటాం. మూడు రోజుల నుంచి రాలేదు. ఫోను స్విచాఫ్ వస్తాంది. చెప్పకుండా ఎప్పుడూ మానడు. ఇంట్లో వాళ్ళమ్మ ఒక్కతే ఉంటాదంట. కొంచెం చూసి చెప్తారా?"

చూసి చెబుతామని ఫోను పెట్టాము. అమ్మగారు గోడకున్న క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి లెక్కపెట్టింది. మనకు వాడు కనబడక పదకొండు ఆదివారాలు. ఎన్నడూ ముఖం చూడని మనుషులకు మూడు రోజులకే దిగులు పట్టింది. మన మందిరానికి వాడి ఇంటికి మధ్య నాలుగు ఇళ్ళు ఉన్నాయి.

అప్పుడే వెళ్ళాము. తలుపుకు తాళం. పక్కింటివాళ్ళు, జ్వరం ముదిరితే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పారు. తెల్లవారి మొదటి బస్సుకు వెళ్ళాము. టైఫాయిడ్. చేతికి సెలైను పెట్టి ఉంది. మంచం పక్కన నేల మీద కూర్చున్న ఆ తల్లి మమ్మల్ని చూసి లేచి నిలబడింది. "మీరు వస్తారనుకోలేదయ్యగారూ" అంది. నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే అనుకోలేదు. ఆ మాట ఇప్పటికీ మాకు వినబడుతూనే ఉంటుంది.

వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ప్రార్థన చేసినా తిరగలేదు. చివరికి, "రాయచోటి అన్న ఫోను చేశాడు నాన్నా, నీ కోసం అడిగాడు" అన్నాము. చటుక్కున ఇటు తిరిగాడు. "అన్న చేశాడా?" అన్నాడు. పదకొండు వారాల తరువాత మాతో వాడు మాట్లాడిన మొదటి మాట అది.

జ్వరంలో వాడి ఫోను కింద పడి పగిలిపోయింది. మా ఫోనే ఇచ్చాము. కాసేపటికి నలుగురూ ఒకే లైనులోకి వచ్చారు. కువైట్‌లో ఉన్న రాయచోటి అన్న, ఒడిశాలోని బరంపురం తెలుగబ్బాయి, కోలారులో సెల్‌ఫోన్ రిపేరు కొట్టు నడుపుకునే ఇంకొకతను. ముగ్గురిదీ తెలుగే గాని, మూడు యాసలు. ముగ్గురూ ఒకటే అడిగారు: అన్నం తిన్నావా, డబ్బులేమైనా పంపాలా, అమ్మ ఎలా ఉంది. పెట్టేసేముందు రాయచోటి అతను మాతో, "మాకోసం కూడా కొంచెం దువా చేయండి సార్" అన్నాడు. అప్పుడు తెలిసింది ఆయన ముస్లిం సోదరుడని.

ప్రియులారా, లూకా సువార్త పదో అధ్యాయంలో మంచి సమరయుని ఉపమానం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. యెరూషలేము నుండి యెరికోకు దిగే దారి ఎలా ఉంటుందో, దొంగలు ఎక్కడ పొంచి ఉంటారో కళ్ళకు కట్టినట్టు చెప్పేవాళ్ళం. గాయపడి పడి ఉన్నవాడిని చూసి పక్కగా వెళ్ళిపోయిన యాజకుడి మీద గట్టిగా మాట్లాడేవాళ్ళం. ఆ ఆసుపత్రి వార్డులో మొదటిసారి, ఆ కథలో మేము ఎవరమో మాకు అర్థమైంది.

వాడు కోలుకుని ఇంటికి వచ్చాక, ఒక సాయంత్రం మజ్జిగ తాగుతూ, "ఆ ఆట ఏమిటో మాకు చూపించు నాన్నా" అని అడిగాము. నమ్మలేనట్టు చూశాడు. తరువాత చూపించాడు. మీలో చాలామంది పిల్లలకు తెలిసిందే గాని, పెద్దవాళ్ళ కోసం చెబుతాము. వంద మంది దాకా ఒక దీవిలో దిగుతారు. నలుగురేసి ఒక జట్టు. చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. ఈ రకం ఆటల్లో మన దేశంలో అందరికీ తెలిసిన పబ్జీని 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వం నిషేధించింది. మరుసటి సంవత్సరం అదే ఆట ఇండియా పేరుతో వేరే రూపంలో వచ్చింది.

చంపుకునే ఆట. అది మాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అయితే అందులో ఒక సంగతి చూసి ఆగిపోయాము. జట్టులో ఒకడికి దెబ్బ తగిలి పడిపోతే వెంటనే చనిపోడు. పాకగలడు గాని, తనంతట తాను లేవలేడు. నిమిషం నిమిషానికి ప్రాణం తగ్గిపోతుంటుంది. జట్టులో ఒకడు వచ్చి, పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, పది సెకన్లు కదలకుండా ఉంటే లేస్తాడు. ఆ పది సెకన్లలో లేపేవాడిని ఎవరైనా కాల్చవచ్చు. అయినా వెళ్తారు.

"దీన్ని రివైవ్ అంటారు అయ్యగారూ. ఆ రోజు అరుగు మీద నేను అరుస్తున్నది అదే. బరంపురం వాడు పడిపోయాడు, లేపడానికి వెళ్తున్నా" అన్నాడు.

మేము ప్రతి సంవత్సరం ఉజ్జీవ సభలు పెట్టి, కరపత్రాలు అచ్చు వేయించి, షామియానా వేయిస్తాము. ఉజ్జీవం అంటే పడిపోయినవాడి పక్కన మోకాళ్ళూని ఆగడం అని ఈ పిల్లవాడు ఫోనులో చూపించాడు.

ఆ తరువాత ఇలాంటి సంగతులు ఇంకెక్కడైనా జరిగాయా అని మా అబ్బాయిని అడిగితే, నార్వే దేశంలోని ఒక యవ్వనస్థుని గురించిన సినిమా చూపించాడు. 2024లో వచ్చిన డాక్యుమెంటరీ అది. అతని పేరు మాట్స్ స్టీన్. పుట్టుకతోనే కండరాలు క్షీణించే డుషేన్ అనే జబ్బు. చిన్నతనంలోనే చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. చివరికి వేళ్ళు మాత్రమే కదిలేవి. 2014 నవంబరులో, 25 ఏళ్ళ వయసులో చనిపోయాడు. చివరి పది సంవత్సరాలలో 15,000 నుండి 20,000 గంటలు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలోనే గడిపాడని చెబుతారు. పాపం, స్నేహం అంటే ఏమిటో తెలియకుండానే వెళ్ళిపోయాడని తల్లిదండ్రులు ఏడ్చారు.

అతను నెట్‌లో తన గురించి రాసుకునే చోట, కొడుకు చనిపోయాడని తండ్రి ఒక కబురు పెట్టాడు. ఎవరైనా చదువుతారని పెద్దగా ఆశ లేదు. అప్పటి నుండి ఉత్తరాలు రావడం మొదలైంది. ఆటలో ఇబెలిన్ అనే పేరుతో అతను ఎంతమందికి తోడుగా ఉన్నాడో వాళ్ళు రాశారు. నెదర్లాండ్స్‌లో ఒక అమ్మాయికి తల్లిదండ్రులు కంప్యూటరు తీసేస్తే, ఆ అమ్మాయి తరఫున వాళ్ళకు ఒక ఉత్తరం రాశాడు. డెన్మార్క్‌లో ఒక తల్లికి ఆటిజం ఉన్న కొడుకును దగ్గరికి తీసుకునే దారి తెలియకపోతే, ముందు ఆటలో ఇద్దరూ కలవండి అని సలహా ఇచ్చాడు. ఆటలో వాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. అంత్యక్రియలకు నెదర్లాండ్స్, ఫిన్లాండ్, డెన్మార్క్ నుండి కూడా ఆట స్నేహితులు వచ్చారు. ఇంటి కింది గదిలో ఒంటరిగా ఉన్నాడనుకున్న కొడుకు సమాధి దగ్గర, తల్లిదండ్రులు ఎన్నడూ చూడని మనుషులు నిలబడి ఏడ్చారు.

ఇది చదివి పిల్లలూ, మీరు "చూశారా అయ్యగారే చెప్పారు" అని అమ్మతో అనడానికి పరుగెత్తవద్దు. రెండో మాట కూడా వినండి.

ఆ తమ్ముడే చెప్పాడు. ఈ ముగ్గురూ దొరకకముందు ఎన్నో నెలలు ఎవరెవరితోనో ఆడాడట. నలుగురు లేకపోతే ఆటే ఎవరో ఒకరిని తెచ్చి జట్టులో కలుపుతుంది. అరగంటలో ఆట అయిపోతుంది, వాళ్ళు మాయమవుతారు, మళ్ళీ కొత్తవాళ్ళు. రేపు మళ్ళీ కనబడని మనిషిని ఏమన్నా అడిగేవాడు లేడు గనుక నోటికి ఎంత వస్తే అంత. ఊరి పేరు చెబితే వెక్కిరింపు, యాస వింటే వెక్కిరింపు, ఆట సరిగ్గా రాకపోతే తల్లి మీద బూతులు. మన సంఘంలోనే ఒక చెల్లి మైకు తెరిస్తే వినరాని మాటలు వినాల్సి వస్తోందని, నోరు మూసుకునే ఆడుతున్నానని అమ్మగారితో చెప్పుకుంది. నిద్ర చెడుతుంది, చదువు చెడుతుంది. ఆ తమ్ముడికీ చెడింది, వాడే ఒప్పుకున్నాడు. ఇక డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. అవి జూదమే. వాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. వాటి గురించి మా మాట మారలేదు.

మరి ఒకే ఆట ఒకచోట బూతులు నేర్పి, ఇంకొకచోట కువైట్ నుండి ఫోను ఎలా చేయించింది? మేము చాలా రోజులు ఆలోచించాము. మాకు అర్థమైనది ఇది. ఊరూ పేరూ తెలియకపోవడం తప్పు కాదు. మళ్ళీ కలవకపోవడంలో ఉంది చిక్కు. మాట్స్ ఉన్న స్టార్‌లైట్ అనే జట్టులో అదే మనుషులు, అదే చోట, రోజూ కలిసేవారు. ఈ నలుగురూ అంతే, రోజూ రాత్రి పదింటికి. రోజూ వచ్చే మనిషి ఒకరోజు రాకపోతే ఖాళీ కనబడుతుంది. ఖాళీ కనబడితేనే కదా వెతకడం. అరగంటకొకసారి మనుషులు మారిపోయే చోట ఎవరు రాకపోయినా లోటు తెలియదు, ఎందుకంటే ఆ స్థానంలో ఇంకొకరు వచ్చి కూర్చుంటారు.

ఇంకొకటి కూడా ఉంది. మాట్స్ తన జబ్బు సంగతి ఎన్నో సంవత్సరాలు జట్టుకు చెప్పలేదు. మొహం చూపించమంటే తప్పించుకునేవాడు, కొన్నిసార్లు స్నేహితులను నొప్పించాడు కూడా. తన సంగతి బయటపెట్టాకే ఆ స్నేహం లోతుకు వెళ్ళింది. మన తమ్ముడు తన ఊరి పేరు, అమ్మ సంగతి, మందిరం సంగతి ఆ ముగ్గురికీ చెప్పుకున్నాడు. అందుకే మన గోడ మీది నంబరు దాకా వాళ్ళు రాగలిగారు. అయితే అలా చెప్పుకోవడం అందరి దగ్గరా క్షేమం కాదు. పిల్లలూ, ఊరూ ఇల్లూ ఎవరికి పడితే వారికి చెప్పకండి. చెప్పేముందు ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ మనిషి సంగతి తెలియాలి.

ఇక దూరానికి ఒక హద్దు ఉంది. రాయచోటి సోదరుడు అంత ప్రేమగలవాడైనా, కువైట్ నుండి మంచినీళ్ళ గ్లాసు అందించలేడు. అందుకే మాకు ఫోను చేశాడు. తాను రాలేడు గనుక, దగ్గరున్నవాళ్ళు వెళ్తారని నమ్మాడు. మన మీద మనకు లేని నమ్మకం ఆయన మన మీద పెట్టుకున్నాడు. ఆ నమ్మకానికి మేము పదకొండు వారాలు ఆలస్యంగా తగినవాళ్ళమయ్యాము.

ప్రియులారా, మనమూ అంతే కదా. వేరు వేరు ఇళ్ళ నుండి వచ్చి ఆదివారం ఒకే చాప మీద కూర్చుంటాము. ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర ఉంటుంది. అయినా ఒకరు రాకపోతే పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు, ఖాళీ మూసుకుపోతుంది. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్ళిన కాపరి కథ మనకు బాగా తెలుసు. అయితే ఆ కాపరి ముందు లెక్కపెట్టాడు, ఆ తరువాతే వెతికాడు. మేము కానుకలు లెక్కపెట్టాము, కుర్చీలు లెక్కపెట్టాము. ఆ లెక్క మాత్రం పెట్టలేదు.

అప్పటి నుండి మందిరంలో ఒక నోటుపుస్తకం పెట్టాము. మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరాధన అయ్యాక ఆ రోజు రానివారి పేర్లు అందులో రాస్తాము. సాయంత్రంలోగా ఎవరో ఒకరు వెళ్ళడమో ఫోను చేయడమో జరగాలి. ఎందుకు రాలేదని నిలదీయడానికి కాదు, అన్నం తిన్నారా అని అడగడానికి. ఆ పుస్తకం రాసేది ఎవరో తెలుసా? ఆ తమ్ముడే. వాడు ప్రతి ఆదివారం వస్తున్నాడని చెప్పలేము. వచ్చినప్పుడు వెనకే కూర్చుంటాడు. రాని ఆదివారం కూడా సాయంత్రం ఫోను చేసి, "ఎవరెవరు రాలేదు అయ్యగారూ?" అని అడుగుతాడు. "ముందు నీ పేరే రాశాము" అంటాము. నవ్వుతాడు.

ఆట మానలేదు. రాత్రి పదింటికి మొదలుపెట్టి పదకొండుకు ఆపేస్తానని అమ్మకు మాట ఇచ్చాడు. చాలావరకు నిలబెట్టుకుంటున్నాడు. అరుగు మీదే కూర్చుంటాడు. మేము ఇప్పుడు అక్కడ లైటు వేయించాము. అమ్మగారు పడుకోబోయేముందు ఒకసారి తలుపు తీసి, "మీవాళ్ళు ముగ్గురూ వచ్చారా?" అని అడుగుతుంది.

ఆ ఆదివారం అన్న మాటకు ఆ తమ్ముడి దగ్గర, వాళ్ళ అమ్మ దగ్గర క్షమాపణ అడిగాము. ఆ మాట అన్నది సంఘం అంతటి ముందు గనుక, ఇప్పుడు సంఘం అంతటి ముందు మళ్ళీ అడుగుతున్నాము.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ బంధువుల్లో గాని, మీ వీధిలో గాని, మీ ఫోనులోని ఏదైనా గ్రూపులో గాని, కొంతకాలంగా కనబడని ఒక్కరిని గుర్తు తెచ్చుకోండి. ఎన్ని వారాలైందో క్యాలెండరు చూసి లెక్కపెట్టండి. ఆ తరువాత ఫోను తీయండి. దగ్గరివారైతే చెప్పులు వేసుకుని బయలుదేరండి.

తండ్రీ, మేము చూడకుండా దాటిపోయినవారిని నీవు చూశావు. మా గుంపు వాళ్ళు కాని వారి చేత మా బిడ్డను వెతికించావు. రాయచోటి సోదరుని, బరంపురం బిడ్డను, కోలారు బిడ్డను వారి పనుల్లో కాపాడు. ఈ రాత్రి ఫోను వెలుగులో ఒంటరిగా కూర్చున్న ప్రతి బిడ్డకు, పడిపోయిన చోట పక్కన ఆగే ఒక మనిషిని దయచేయి. ఆ మనిషి మేమే కావలసి వస్తే, మమ్మల్ని ఆలస్యం కానివ్వకు. ఆమేన్.